తలకింత: రంగూన్ మేస్త్రీ నుంచి ఆన్‌లైన్ లింకు దాకా

మనుషుల్ని చేర్పించే వ్యాపారం మన పేటలకు కొత్తది కాదు. సెల్‌ఫోన్‌లో లింకు పంపి "చేరు బావా, ఇంట్లో కూర్చునే సంపాదించొచ్చు" అంటున్న కుర్రాణ్ణి చూసి పెద్దవాళ్లు ఇదేదో ఇంటర్నెట్ తెచ్చిన రోగం అనుకుంటున్నారు. ఆ కుర్రాడేమో తాతలకు తెలియని ఆధునిక వ్యాపారంలోకి వచ్చానని అనుకుంటున్నాడు. రెండూ సరికాదు. మనిషిని తెచ్చినవాడికి తలకింత అని లెక్కగట్టి ఇవ్వడం, తెచ్చినవాడి మీద ఇంకొకణ్ణి, వాడి మీద మరొకణ్ణి పెట్టి మెట్లు మెట్లుగా కమిషన్ పంచడం, నిచ్చెనంతటికీ చుట్టరికాన్నీ కులాన్నీ పూచీగా వాడుకోవడం మన తాతలకు బాగా తెలిసిన సంగతులే. వాళ్లు ఆ నిచ్చెన అడుగునే బతికారు.

మన విశ్వవిద్యాలయాల్లో నెట్‌వర్క్ మార్కెటింగ్‌ని మేనేజ్‌మెంట్ శాఖలు పాఠంగా చెబుతాయి, పోలీసులు నేరంగా చూస్తారు. దళిత చరిత్రలో భాగంగా దాన్ని చూసినవాళ్లు తక్కువ. వలసకూలీల చరిత్రనూ ఆన్‌లైన్ చేర్పింపులనూ పక్కపక్కన పెట్టి చదివితే కొన్ని విషయాలు తేటపడతాయి. ఎవరి నమ్మకం పెట్టుబడి అవుతోంది? ఎవరి అప్పు ఎవరి లాభం అవుతోంది? వ్యవహారం చెడినప్పుడు దోషిగా నిలబడేది ఎవరు? ఈ వ్యాసం అడిగేవి ఈ మూడు ప్రశ్నలే.

రేవు దగ్గరి నిచ్చెన

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో బర్మాలో వరి సాగు, బియ్యం మిల్లులు, రేవు పనులు విపరీతంగా పెరిగాయి. ఆ పనులకు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది స్టీమర్లెక్కి రంగూన్ వెళ్లారు. అందులో మాలలు, మాదిగలు ఉన్నారు, భూమిలేని శూద్రకులాలవాళ్లూ ఉన్నారు. బర్మాలో తెలుగువాళ్లకు "కోరంగీలు" అన్న పేరు గోదావరి ముఖద్వారం దగ్గరున్న కోరంగి రేవును బట్టి వచ్చిందే. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు.

ఇంతమంది ఎట్లా వెళ్లారు? మిల్లు యజమాని కూలీని నేరుగా పెట్టుకోడు. కంట్రాక్టరుకు పని అప్పజెపుతాడు. కంట్రాక్టరు కింద హెడ్ మేస్త్రీ, అతని కింద చార్జి మేస్త్రీలు, వాళ్ల కింద గ్యాంగు మేస్త్రీలు, అందరికన్నా అడుగున కూలీ. మేస్త్రీ ఊరికి వస్తాడు. స్టీమరు చార్జీ తనే పెట్టుకుంటానంటాడు, ఇంట్లో ఖర్చులకు కొంత అడ్వాన్సు ఇస్తాడు, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. అక్కడికి వెళ్లాక కూలీలో అడ్వాన్సు కోత, ఆ పైన కమిషన్ కోత. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కొక్కరు తమ వాటా తీసుకున్నాక మిగిలింది కూలీ చేతికి వస్తుంది. ఇ.జె.ఎల్. ఆండ్రూ రంగూన్‌లోని భారతీయ కూలీల మీద 1933లో రాసిన పుస్తకంలో ఈ మేస్త్రీ పద్ధతి రికార్డయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రకారుడు అడపా సత్యనారాయణ ఆగ్నేయాసియాకు సాగిన దక్షిణ భారత వలసల మీద చేసిన పరిశోధనలో ఈ కూలీల సామాజిక నేపథ్యం కూడా కనిపిస్తుంది.

మలయా రబ్బరు తోటలకూ సిలోన్ తేయాకు తోటలకూ మనుషుల్ని తీసుకెళ్లినవాడు కంగాణీ. సిలోన్‌కు వెళ్లినవాళ్లు ఎక్కువగా తమిళులు. మలయాకు తెలుగువాళ్లూ వెళ్లారు. కంగాణీకి రాబడి రెండు విధాల వచ్చేది. మనిషిని తెచ్చినందుకు ఒక కమిషన్. తెచ్చిన మనిషి పనికొచ్చిన ప్రతి రోజుకీ ఇంత అని "తల డబ్బు" మరొకటి. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. కూలీకి జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజు కంగాణీకి నష్టం. అందుకే జ్వరంతో ఉన్నవాణ్ణి లేపి పనికి తోలే బాధ్యత దొరకు అక్కర్లేదు, కంగాణీయే తీసుకుంటాడు. సిలోన్‌లో పెద్ద కంగాణీ కింద చిల్లర కంగాణీలు ఉండేవాళ్లు. అక్కడ కూలీ అప్పు ఎంతుందో రాసిన చీటీని "తుండు" అనేవాళ్లు. ఆ అప్పు కట్టిన తోటకు కూలీ మారాలి. అంటే తోటలు కొనుక్కున్నది అతని అప్పుని, అప్పుతోపాటు అతన్ని. తుండు పద్ధతిని 1921లో రద్దు చేశారు. మలయాకు అకుశల కూలీల వలసని భారత ప్రభుత్వం 1938లో నిషేధించింది.

సొంతవాడే ఎందుకు?

తోటల యజమానులు కంగాణీని ఎందుకు ఇష్టపడ్డారంటే, అతను బయటివాడు కాదు. తన ఊళ్లోకి, తన కులం పేటలోకి వస్తాడు. మేనమామ కొడుకో, వేలువిడిచిన బావమరిదో అవుతాడు. ఒంటిమీద మంచి బట్ట, చేతిలో గొడుగు, నోట్లో రెండు పరాయి మాటలు. అతన్ని చూసినవాళ్లకు ఇంక ప్రకటన కాగితం అక్కర్లేదు. కూలీ పారిపోతే ఊళ్లో అన్నదమ్ముల్ని నిలదీయగలడు. యజమాని దగ్గర ఉన్నది డబ్బు. కంగాణీ దగ్గర ఉన్నది నమ్మకం. ఆ నమ్మకం పేట సొత్తు. ఆకలిలో గింజలు పంచుకుని, పురుటికీ చావుకీ ఒకరికొకరు నిలబడి, తరతరాలుగా పేట కూడబెట్టుకున్న సొత్తు. దానికి ఎవరూ ధర కట్టలేదు. కంపెనీ మాత్రం దానిమీద కమిషన్ ఇచ్చింది.

అయితే వలసని ఉత్త మోసంగానే చూస్తే సగం చరిత్రే చూసినట్టు. మనవాళ్లు అమాయకులై మేస్త్రీ వెంట వెళ్లలేదు. ఊళ్లో పాలేరుతనం ఉంది, తండ్రి చేసిన అప్పుకు కొడుకు గొడ్లు కాసే కట్టుబాటు ఉంది. కులం పేరు పెట్టి పిలిచే నోరు ప్రతి అరుగు మీదా ఉంది. రంగూన్‌లో పని కఠినం, బస ఇరుకు, కానీ కూలీ నగదు రూపంలో వస్తుంది. అక్కడినుంచి తిరిగొచ్చినవాళ్లు కొందరు చెక్కముక్క భూమి కొన్నారు, పెంకుటిల్లు వేశారు, పిల్లల్ని బడికి పంపారు. ఊరు ఇవ్వనిది రేవు ఇస్తుందేమోనన్న ఆశ తప్పుడు ఆశ కాదు. ఆ ఆశ మీద ఎవరు ఎంత పన్ను వేశారన్నదే మన ప్రశ్న.

మాట తప్పితే శిక్ష ఎవరికి? 1859 నాటి పనివారి ఒప్పంద ఉల్లంఘన చట్టం కింద అడ్వాన్సు తీసుకుని పనికి రానివాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టొచ్చు. డబ్బు తిరిగి కట్టమనో పని పూర్తి చెయ్యమనో ఆజ్ఞ ఇస్తారు, వినకపోతే మూడు నెలల దాకా జైలు. అబద్ధం చెప్పి తీసుకెళ్లిన యజమానికి ఆ చట్టంలో జైలు లేదు. 1920ల మధ్యలో దాన్ని రద్దు చేసేదాకా ఆరు దశాబ్దాలకు పైగా అప్పు కట్టలేని పేదవాడే నేరస్థుడు.

ఇక ప్రమాదం వచ్చినప్పుడు దాన్ని మొదట మోసేది నిచ్చెన అడుగే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నాయి. తర్వాత తెలుగువాళ్లతో రాజీపడి బర్మీయుల్ని పంపేశాయి. పేదవాడికీ పేదవాడికీ మధ్య కత్తి పెట్టినట్టయింది. మే 26న మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, అత్యధికులు తెలుగు కూలీలే. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌లోకి వచ్చినప్పుడు లక్షలాదిమంది భారతీయులు అడవుల గుండా నడిచి వచ్చారు. దారిలో వేలాదిమంది రాలిపోయారు. స్టీమరు టిక్కెట్లు ఎవరికి దొరికాయో వేరే చెప్పక్కర్లేదు.

పాలమూరు గుంపు

రేవులు మూతపడ్డాయి గానీ మేస్త్రీ పోలేదు. స్వతంత్రం వచ్చాక దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టినవాళ్లలో పాలమూరు కూలీలు ముందుంటారు. అక్కడ అతని పేరు గుంపు మేస్త్రీ. పైన కంపెనీ, దాని కింద కంట్రాక్టరు, అతని కింద పెద్ద మేస్త్రీ, కింద గుంపు మేస్త్రీ. మళ్లీ అదే నిచ్చెన. కరువు నెలల్లో, పెళ్లి ఖర్చులప్పుడు, పండగల ముందర అడ్వాన్సు ఇస్తాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా ఆలుమగలిద్దరూ పని చెయ్యాలి.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. కంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలనీ, వలస వెళ్లే కూలీకి భత్యం ఇవ్వాలనీ రాశారు. చట్టం పుస్తకంలో ఉండగా గుంపు మేస్త్రీ ఊళ్లోనే ఉన్నాడు. ఎందుకంటే అతను చాలాసార్లు తనూ దళితుడే, తనూ అప్పులోనే ఉంటాడు. గుంపులో నలుగురు పారిపోతే ఆ అడ్వాన్సు అతని మీదే పడుతుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఈ నిచ్చెనలో మనకు కనిపించే మోసగాడు తరచుగా మనలాంటివాడే. అసలు లాభం తీసుకునేవాడు ఊళ్లోకి ఎప్పుడూ రాడు.

అడ్వాన్సు తిరగబడింది

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతికి వద్దాం. ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఒక అంగడి సరుకుని నా లింకు ద్వారా ఎవరైనా కొంటే నాకు కొంత కమిషన్ వస్తుంది. అమెజాన్ కంపెనీ 1996లోనే ఈ పద్ధతి పెట్టింది. దీన్నే అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. ఇందులో చేరడానికి నేను డబ్బు కట్టనక్కర్లేదు, ఇంకొకణ్ణి చేర్చనక్కర్లేదు. ఇది దళారీ పని, అంతే. సంతలో ఎడ్ల బేరం కుదిర్చినవాడు రూపాయి తీసుకున్నట్టు.

చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, సరుకు పక్కకు పోయి మనిషే సరుకైనప్పుడు. చేరడానికి నువ్వు డబ్బు కడతావు. నీ కింద మనుషుల్ని చేరిస్తే వాళ్లు కట్టిన దాంట్లో నీకు వాటా. నీ పైవాడు అప్‌లైన్, నీ కిందివాళ్లు డౌన్‌లైన్. చేర్చాల్సిన మనిషికి వాళ్లు పెట్టుకున్న పేరు "ప్రాస్పెక్ట్". ఆ మాటకు ఇంగ్లీషులో గనుల్లో బంగారం వెతకడం అన్న అర్థం కూడా ఉంది. గని ఎవరో చెప్పాలా?

మేస్త్రీ కాలానికీ ఇప్పటికీ ఉన్న అసలు తేడా ఇక్కడే ఉంది. అప్పుడు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనిషిని తీసుకెళ్లాడు. ఇప్పుడు మనిషే అడ్వాన్సు కట్టి చేరుతున్నాడు. అప్పుడు ఎంత కోత పడినా రోజు చివర ఒక పని జరిగింది, బియ్యం దంచబడ్డాయి, ఓడ నిండింది, ఆ పనికి ఎంతో కొంత కూలి ఉంది. ఇప్పుడు చాలా పథకాల్లో జరిగే పని ఒక్కటే, ఇంకొకణ్ణి చేర్చడం. కూలి ఎక్కడినుంచి వస్తుంది? కొత్తగా చేరినవాడి జేబులోంచి.

దీని లెక్క ఐదో తరగతి పిల్లవాడు కూడా చెయ్యగలడు. ఒక్కొక్కరు ఇద్దరిని చేర్చాలనుకుందాం. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. పదో రెట్టింపు దగ్గర 1,024 మంది కావాలి. ఇరవయ్యో రెట్టింపు దగ్గర 10 లక్షలు దాటుతారు. ఇరవై ఏడో రెట్టింపు దగ్గర 13 కోట్లు దాటాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనమే సుమారు 8 కోట్ల 46 లక్షలు. ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. నిచ్చెనని ఏ మెట్టు దగ్గర ఆపినా మొత్తం చేరినవాళ్లలో సగానికి పైగా చివరి మెట్టు మీదే ఉంటారు. వాళ్లు డబ్బు కట్టినవాళ్లు, ఇంకా ఎవరినీ చేర్చనివాళ్లు. కాబట్టి "కష్టపడితే అందరూ పైకి వస్తారు" అన్నది లెక్క ప్రకారమే అబద్ధం. సగంమంది ఓడిపోతేనే ఆ ఆట నడుస్తుంది.

ఈ ఆట ఇక్కడ ఆడిన తీరు రికార్డుల్లో ఉంది. కొత్త సభ్యుల్ని చేర్చడం మీద ఆధారపడి తేలిక డబ్బు ఆశ చూపే పథకాల్ని 1978 నాటి ప్రైజ్ చిట్లు, ద్రవ్య చలామణీ పథకాల నిషేధ చట్టం నేరంగా ప్రకటించింది. ఆమ్‌వే కంపెనీ మీద సీఐడీ పెట్టిన కేసుల్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లో, ఆ పథకం పైకి చూస్తే ఈ చట్టం కిందకి వస్తోందని చెప్పి కంపెనీ పిటిషన్‌ను కొట్టేసింది. 2014లో కర్నూలు పోలీసులు ఆ కంపెనీ భారతదేశపు ముఖ్య అధికారిని అరెస్టు చేశారు. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ దాని ఆస్తులు 757 కోట్ల రూపాయలకు పైగా తాత్కాలికంగా జప్తు చేసింది. తమది చట్టబద్ధమైన ప్రత్యక్ష అమ్మకమేనని కంపెనీ వాదన.

ఇంటర్నెట్ వచ్చాక సబ్బులూ పొడులూ కూడా అక్కర్లేకపోయాయి. 2010లో స్పీక్ ఏషియా అనే సంస్థ 11,000 రూపాయలు కడితే ఆన్‌లైన్‌లో సర్వేలు నింపి సంపాదించొచ్చని చెప్పి లక్షలమందిని చేర్చుకుంది. 2011లో చెల్లింపులు ఆగిపోయాయి. నోయిడాకు చెందిన ఈబిజ్ కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీ పేరుతో మనిషికి దాదాపు 17 వేలు కట్టించుకుని కాలేజీ విద్యార్థుల్నీ నిరుద్యోగుల్నీ గొలుసులో చేర్చిందన్న కేసులో 2019లో సైబరాబాద్ పోలీసులు నిర్వాహకుల్ని అరెస్టు చేశారు. అమెరికాలోనూ ఇదే వరస. మోబ్ అనే ఆన్‌లైన్ సంస్థ ఇంటినుంచి వ్యాపారం నేర్పుతానని మెట్టుమెట్టుకూ ఎక్కువ ఫీజు గుంజిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో కోర్టుకెక్కి దాన్ని ఆపించింది. అమ్మే కోర్సులో నేర్పే విద్య ప్రధానంగా ఆ కోర్సునే ఇంకొకరికి అమ్మడం. పాము తన తోకని మింగినట్టు.

పేర్ల జాబితా అనే కులపత్రం

కొత్తగా చేరినవాడికి ఇచ్చే మొదటి పని పేర్ల జాబితా రాయడం. వంద పేర్లు రాయమంటారు. ముందు ఇంటివాళ్లు, తర్వాత చుట్టాలు, స్నేహితులు, తర్వాత కలిసి చదివినవాళ్లు. ఎవరికి ఉద్యోగముంది, ఎవరికి అప్పుంది, ఎవరికి పెళ్లీడు కూతురుంది అన్నది పక్కన రాయాలి. ఎవరి అవసరం ఏమిటో తెలిస్తే ఏ మాట చెప్పాలో తెలుస్తుంది. ప్లాన్ చూపించడానికి మాత్రం అప్‌లైన్ వస్తాడు, ఇప్పుడైతే వీడియో కాల్‌లో వస్తాడు. నువ్వు చెయ్యాల్సింది తలుపు తీయించడమే. నీ మాట మీద తలుపు తీస్తారు కాబట్టి.

నా దృష్టిలో ఈ జాబితా ఒక కులపత్రం. పై కులంలో పుట్టినవాడు వంద పేర్లు రాస్తే అందులో డాక్టరుంటాడు, కంట్రాక్టరుంటాడు, అమెరికాలో మేనమామ ఉంటాడు. యాభై వేలు పోయినా వాళ్ల ఇంట్లో పొయ్యి ఆరదు. మన పిల్లవాడు వంద పేర్లు రాస్తే ఉపాధి హామీ పనికి వెళ్లే మేనత్త, ఆటో నడిపే అన్న, ఆసుపత్రిలో ఆయాగా ఉన్న పిన్ని, స్కాలర్‌షిప్ మీద బతికే తోటి విద్యార్థి ఉంటారు. ఆ డబ్బు కంచంలోంచి వస్తుంది, లేదా వడ్డీకి వస్తుంది. ఒకే ప్లాన్, ఒకే లింకు, ఒకే ఫీజు. ఫలితం మాత్రం కులాన్ని బట్టి. అంబేద్కర్ 1936లో కులనిర్మూలన గ్రంథంలో కులం శ్రామికుల్నే విభజించి ఒకరి మీద ఒకర్ని అంతస్తులుగా నిలబెడుతుందని చూపించాడు. ఈ నిచ్చెన కొత్తగా అంతస్తులు కట్టలేదు. ఉన్న అంతస్తుల్నే అద్దెకు తీసుకుంది.

పైగా ఇట్లాంటి పథకాలు మన పేటకు చేరేసరికి ఆలస్యమవుతుంది. పట్నంలో, పెద్ద కులాల కాలనీల్లో మొదలై, గుమాస్తాల ఇళ్లు దాటి, చిట్టచివర హాస్టలుకూ పేటకూ వస్తాయి. అంటే మనం చేరేది ఎప్పుడూ చివరి మెట్టు మీదే. మన కింద చేరడానికి మన అమ్మానాన్నలు తప్ప ఎవరూ మిగలరు.

'సార్' అనే పిలుపు

అయినా మన పిల్లలు ఎందుకు వెళ్తున్నారు? అత్యాశ అని తేల్చేసేవాళ్లున్నారు. మొదటితరం గ్రాడ్యుయేటుని అడిగి చూడండి. డిగ్రీ ఉంది, పీజీ ఉంది, ఉద్యోగ ప్రకటన లేదు. ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు, సిఫారసు చేసే మామయ్య లేడు. ఇంటర్వ్యూలో ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో ఏ వీధి అని అడుగుతారు. అదే కుర్రాడు ఆ మీటింగుకు వెళ్తే గుమ్మం దగ్గరే షేక్ హ్యాండ్ ఇస్తారు. టై కట్టుకోమంటారు. స్టేజీ ఎక్కించి మైకు చేతికిచ్చి పేరు పక్కన "సార్" తగిలించి పిలుస్తారు. హాలంతా చప్పట్లు. నేనున్న యూనివర్సిటీ హాస్టల్లో ఇట్లాంటి మీటింగులకు వెళ్లొచ్చిన కుర్రాళ్లు కమిషన్ లెక్కలకన్నా ఆ చప్పట్ల గురించే ఎక్కువసేపు మాట్లాడేవాళ్లు. ఇరవై రెండేళ్ల బతుకులో బడి, కాలేజీ, ఆఫీసు ఏదీ ఇవ్వని గౌరవాన్ని ఆ హాలు ఒక సాయంత్రానికి అద్దెకిస్తుంది. రంగూన్ నుంచి గొడుగేసుకొచ్చిన మేస్త్రీని చూసి మన తాత ఎందుకు లేచి నిలబడ్డాడో, ఈ కుర్రాడు అందుకే ఆ హాల్లో కూర్చున్నాడు. ఆత్మగౌరవ ఆకాంక్ష నిజం. అక్కడ అమ్ముతున్న సరుకు కూడా అదే.

మన ఉద్యమాలకు ఇది ఒక హెచ్చరిక. మనం సభల్లో ఆత్మగౌరవం గురించి గంటలకొద్దీ మాట్లాడతాం. హాస్టలు కుర్రాణ్ణి స్టేజీ ఎక్కించి మాట్లాడనిచ్చిన సభలెన్ని? ఖాళీ చోటు మనం వదిలితే కంపెనీ వచ్చి కూర్చుంటుంది.

దోషి ఎవరు?

2023 మార్చి 16న సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు రేగి ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక చనిపోయారు. ఇరవై ఏళ్లు దాటీ దాటని పిల్లలు. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల పల్లెల నుంచి పని కోసం నగరానికి వచ్చినవాళ్లు. వాళ్లు పనిచేసిన ఆఫీసుకు క్యూనెట్ వ్యాపారంతో సంబంధముందనీ, చేరడానికి లక్షల్లో డబ్బు కట్టించుకున్నారనీ కుటుంబాలవాళ్లు చెప్పారు. పత్రికల్లో వచ్చింది, పోలీసు కేసూ నమోదైంది. తమది చట్టబద్ధమైన ప్రత్యక్ష అమ్మకమే తప్ప గొలుసు పథకం కాదని ఆ కంపెనీ అంటూ వచ్చింది. కోర్టులు ఏం తేల్చినా, ఉద్యోగమనుకుని ఇంటినుంచి డబ్బు తెచ్చి కట్టిన పిల్లలు తిరిగి ఇంటికి రాలేదన్నది మారదు.

కేసులు పడినప్పుడు ఎవరు దొరుకుతారు? కొన్నిసార్లు పైవాళ్లు అరెస్టవుతారు. కానీ అంతకుముందే, అంతకన్నా ఎక్కువగా, పేటలో విచారణ జరిగిపోతుంది. చివర చేర్చినవాడి ఇంటి ముందు జనం నిలబడతారు. "నీ మాట నమ్మే కదా కట్టాం" అంటారు. అతను కూడా పోగొట్టుకున్నవాడే. తల్లి పుస్తెలు తాకట్టు పెట్టి కట్టినవాడే. కంపెనీకి లాయరుంటాడు, వెబ్‌సైటు మూసి ఇంకో పేరుతో తెరవగలదు. ఇతను ఇల్లు మూసి ఎక్కడికి పోతాడు? చుట్టరికాలు తెగిపోతాయి, పెళ్లికి పిలుపులుండవు. 1859 చట్టం కింద కూలీ దోషి. పాలమూరులో పారిపోయిన కూలీ తరఫున గుంపు మేస్త్రీ దోషి. ఇప్పుడు డౌన్‌లైన్ దోషి. నేరం పైనుంచి కిందికి జారుతుంది, డబ్బు కిందినుంచి పైకి ఎక్కుతుంది. నూట యాభై ఏళ్లుగా మారని సూత్రం ఇదొక్కటే.

చేయాల్సిన పని

2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన ప్రత్యక్ష అమ్మకాల నియమాల ప్రకారం చేరడానికి ప్రవేశ రుసుము తీసుకోకూడదు, పిరమిడ్ పథకాలు నడపకూడదు. 1978 చట్టం ఎటూ ఉంది. వీటిని హాస్టళ్లలో, సంఘాల్లో, డ్వాక్రా గ్రూపుల్లో చదివి వినిపించాలి. పెద్ద ఉపన్యాసాలు అక్కర్లేదు. లింకు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వెయ్యమని చెబితే చాలు. చేరడానికి నేనెందుకు డబ్బు కట్టాలి? నాకొచ్చే కమిషన్ సరుకు అమ్మినందుకా, మనిషిని చేర్చినందుకా? గొలుసులో లేని బయటివాడు ఈ సరుకుని ఈ ధరకు కొంటాడా? రేపు డబ్బు పోతే నేను ఎవరి ఇంటికి వెళ్లి అడగాలి, నా ఇంటికి ఎవరొచ్చి అడుగుతారు? మూడింటికి సూటిగా జవాబు చెప్పగలిగినా నాలుగోదాని దగ్గర చాలామంది అప్‌లైన్లు ఫోన్ పెట్టేస్తారు.

రెండో పని సంఘాలది. చివర చేర్చినవాణ్ణి వెలివెయ్యడం మానాలి. అతనూ, అతను చేర్చినవాళ్లూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టి కలిసి స్టేషనుకు వెళ్లాలి. విడివిడిగా వెళ్తే ఒకరి మీద ఒకరు ఫిర్యాదు అవుతుంది, కలిసి వెళ్తే నిచ్చెన మీద ఫిర్యాదు అవుతుంది. కట్టిన రసీదులు, ఫోన్‌లో వచ్చిన మెసేజ్‌లు, మీటింగు జరిగిన హోటలు పేరు, తేదీ అన్నీ భద్రం చెయ్యాలి.

మూడో పని చరిత్ర విద్యార్థులది. రంగూన్ కూలీల గురించి మనం ఇంత రాయగలుగుతున్నామంటే అధికారులు తమ అవసరం కోసం రాసిపెట్టిన రిపోర్టులు మిగిలాయి కాబట్టి. కూలీ చెప్పిన లెక్క ఆ రిపోర్టుల్లో ఒక మూలన ఉంటుంది. ఈసారి ఆ పని మనమే మొదలుపెట్టాలి. ప్రతి పేటలో ఎవరు, ఏ సంవత్సరం, ఏ పథకంలో, ఎంత కట్టారు, ఆ డబ్బు ఎక్కడినుంచి తెచ్చారు, ఎవరి ద్వారా చేరారు, తర్వాత ఆ చుట్టరికం ఏమైంది అన్నది వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. పేర్లు బయటపెట్టక్కర్లేదు. కంపెనీవాడు వంద పేర్లు రాయించాడు కదా, చేర్చడానికి. మనం ఆ వంద పేర్లనే మళ్లీ రాద్దాం, ఈసారి లెక్క తేల్చడానికి.